మసి లోపలికి రావడం లేదు

మార్చి 4

పిన్నీ,

ముందు అసలు సంగతి చెప్పి, మిగతావి తర్వాత రాయమంటావు కదా ఎప్పుడూ. మసికి కడుపులో గడ్డ ఉంది. ఎల్లుండి ఆపరేషన్.

నిన్న గోళ్ళు కత్తిరించడానికని తీసుకెళ్ళాను. పశువుల ఆసుపత్రిలో పాత డాక్టరు ఊరు మారిపోయారట. ఇప్పుడున్నావిడ నాకంటే కాస్త పెద్ద, అంతే. నవ్వుతూ మాట్లాడుతూనే మసి కడుపు మీద చెయ్యి వేశారు. చెయ్యి ఒకచోట ఆగింది. మాట కూడా ఆగిపోయింది. నేను గోళ్ళ గురించే ఆలోచిస్తున్నాను ఇంకా.

స్కాన్ తీశారు. ఎడమ పక్క, ప్లీహం మీద, బత్తాయంత గడ్డ. అది లోపలే చిట్లితే రక్తం లోపలే పోతుందట, మనకి తెలిసేలోపే అయిపోతుందట. మంచి గడ్డో చెడ్డదో తీసి ల్యాబ్‌కి పంపితేగాని చెప్పలేమన్నారు. నీకు రాసి జవాబు వచ్చేదాకా ఆగొచ్చా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఆవిడే, "ఆగకండి," అన్నారు.

నీ గని ఆసుపత్రి ఆఫీసుకి ఫోన్ చేశాను. చాలాసేపటికి ఎవరో ఎత్తి, నువ్వు థియేటర్లో ఉన్నావు, ఏమైనా చెప్పాలా అన్నారు. "ఏం లేదండీ," అని పెట్టేశాను. కుక్క సంగతి ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఎలా చెప్పాలో తెలియలేదు.

కుక్క నీదే అయినా, ఆపరేషన్ కాగితం మీద యజమాని అన్నచోట నా పేరు రాశాను. నీ పేరు రాస్తే నీ సంతకం కావాలన్నారు.

మసికి ఇదేమీ తెలియదు. పొద్దున నా చెప్పు ఒకటి ఎత్తుకెళ్ళి మంచం కింద దాచింది. పట్టుబడ్డాక గోడ వైపు చూస్తూ కూచుంది, నీ లాగే.

అమ్మకి చెప్పకు. కుక్కకి ఆపరేషనా అని ముందు నవ్వుతుంది, తర్వాత నన్ను ఇంటికి వచ్చెయ్యమంటుంది.

బుల్లి

&nbsp;

మార్చి 7

పిన్నీ,

ఆపరేషన్ అయింది. బతికింది. రక్తం బాగా పోయిందని అక్కడే ఉంచుకున్నారు.

తీసిన గడ్డని చూస్తారా అని అడిగారు. చూస్తానన్నాను, ఎందుకన్నానో తెలియదు. ట్రేలో పెట్టి తెచ్చారు. దాని గురించి రాయను. ల్యాబ్ నుంచి కబురు రావడానికి చాలా రోజులు పడుతుందట.

ప్రెస్సులో ఇవాళ నేను దిద్దే ప్రూఫులో ఒకే పేజీ నంబరు రెండు పేజీలకి పడితే నేను పట్టుకోలేదు. ఫోర్‌మన్ చూసి తనే దిద్దుకున్నాడు, నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇంతకంటే రాయలేకపోతున్నాను.

బుల్లి

&nbsp;

మార్చి 9

బుల్లీ,

నీ నాలుగో తారీకు ఉత్తరం ఇవాళ సరుకుల వ్యానులో వచ్చింది. ఈపాటికి అంతా అయిపోయి ఉంటుంది. ఎటు అయిందో తెలియకుండా నీకు రాయడం చీకట్లో సూదిలోకి దారం ఎక్కించడంలా ఉంది. ఫోన్ చేద్దామంటే మొన్నటి వానకి కొండ విరిగిపడి స్తంభాలన్నీ పోయాయి. గని కూడా సగం మూశారు.

ఆ ఫోన్ నువ్వు చేసిందని ఇప్పుడు తెలిసింది. "ఎవరో అమ్మాయండీ, ఏం లేదంది," అని ఆఫీసులో చెప్పారు. ఏం లేదంటే ఏం లేదనే అనుకున్నాను.

నీ ఉత్తరం చదివాక డ్యూటీకి వెళ్ళాను. "ఏంటి సిస్టర్, ఇవాళ కత్తి అడిగితే కత్తెర అందిస్తున్నారు?" అన్నాడు సర్జను. పదహారేళ్ళ నుంచీ నా చెయ్యి తడబడటం ఎవరూ చూడలేదు.

రోజూ నీ ఒళ్ళో పడుకునే కుక్క. కడుపులో బత్తాయంత గడ్డ ఉంటే నీ చేతికి తగల్లేదా? తప్పు పట్టడం లేదు, అడుగుతున్నాను. యజమాని అన్నచోట నీ పేరు రాశావట. పోనీలే.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా విను. అది ఇంటికి వచ్చేలోపు ఇల్లు శుభ్రంగా ఉండాలి. నీ శుభ్రం కాదు, నా శుభ్రం. దాని పరుపు, రగ్గు, నువ్వు కప్పుకునే దుప్పటి, కర్టెన్లు, అన్నీ మరిగే నీళ్ళలో వెయ్యి. ఉడకబెట్టలేనివి బయట పడెయ్యి. నా బీరువా కింది అరలో ఆసుపత్రి మందు నీళ్ళ డబ్బా ఉంది. నేల, గోడలు దాని తల ఎత్తుదాకా, మంచం కోళ్ళు, తలుపుల కింది భాగాలు, అన్నీ దానితోనే తుడువు. ఆరాక ఇంకోసారి తుడువు. నా పాత స్వెటరు మీద పడుకుంటుంది కదా, అదీ ఉడకబెట్టు, జాలిపడకు.

నాకు తెలిసిన పని కుట్లు వేసేదాకానే. ఆ తర్వాత మనిషిని తలుపు దాటించేస్తాం. తలుపు దాటాక మనిషిని తీసుకుపోయేది మురికేనని మాత్రం వార్డువాళ్ళు పోట్లాడుకుంటుంటే వింటూ ఉంటాను.

పుస్తకం చదువుతూ పాలగిన్నె మాడ్చేదానివి. ఈసారికి పుస్తకాలు పక్కన పెట్టు.

పిన్ని

&nbsp;

మార్చి 16

పిన్నీ,

చేతికి తగల్లేదు.

నీ ఉత్తరం మసి ఇంటికి వచ్చే ముందురోజు అందింది. ప్రెస్సుకి సెలవు పెట్టి నువ్వు చెప్పినవన్నీ చేశాను. గోడలు కూడా. స్వెటరు ఉడకబెడితే బొమ్మకి తొడిగేంత అయిపోయింది. చేతుల మీద చర్మం లేచింది. ఇల్లు ఎంత శుభ్రంగా ఉందంటే అడుగు పెట్టడానికి నాకే మొహమాటంగా ఉంది.

మొన్న మసిని తెచ్చాను. కడుపంతా గొరిగేశారు. మధ్యలో పొడుగ్గా కుట్లు. మెడ చుట్టూ నాక్కోకుండా ప్లాస్టిక్ గరాటా. ఆటోలో నా మోకాలి మీద గడ్డం పెట్టుకుని బాగానే వచ్చింది. మెట్లు ఎత్తుకుని ఎక్కించాను. గుమ్మం దగ్గర దింపాను.

లోపలికి రాలేదు.

పిలిచాను. గడప మీద ముక్కు పెట్టి వెనక్కి తీసేసుకుంది. ఎత్తుకుని లోపలికి తెచ్చాను. గది మధ్యలో నిలబడిపోయింది. పడుకోదు పిన్నీ. అలాగే నిలబడి ఉంటుంది, తల వేలాడేసుకుని, వెనక కాళ్ళు వణుకుతూ. కాళ్ళు జారితే మళ్ళీ లేచి నిలబడుతుంది. పరుపు చూపిస్తే పక్కకి తిరిగిపోతుంది. గుడ్డు పెట్టాను, కోడి ఉడికించిన నీళ్ళు పెట్టాను, గరాటా తీసి చేత్తో పెట్టాను. మొహం తిప్పేసుకుంటుంది. తలుపు తెరిస్తే మాత్రం తలుపు వైపు నడుస్తుంది.

డాక్టరుగారు ఇంటికి వచ్చి చూశారు. గాయం బాగుందట, జ్వరం లేదట. ఇలాగే తినకపోతే మళ్ళీ సెలైన్ ఎక్కించాలి, కాని ఒంట్లో అంత ఓపిక లేదన్నారు. ఆ మాట తలుపు దగ్గర, చెప్పులు వేసుకుంటూ, మెల్లగా అన్నారు.

ఎంతోమందిని చూసినదానివి. ఏం చెయ్యాలో రాయి. తొందరగా రాయి.

బుల్లి

&nbsp;

మార్చి 19

పిన్నీ,

తింది.

నువ్వు జవాబు రాసి ఉంటావు, అది దారిలో ఉండి ఉంటుంది. అయినా ఆగలేక రాస్తున్నాను.

మొన్న సాయంత్రం మసి తలుపు గీకుతుంటే తెరిచాను. మెట్ల మలుపు దగ్గర, మనకీ కింది టైలరు ఇంటికీ మధ్యనున్న చదునులో, అతని గుడ్డ పేలికల గోనెసంచి పడి ఉంది. మసి నాలుగు మెట్లు దిగి దాని పక్కన పడుకుంది. పడుకుంది పిన్నీ. కడుపు గోనె వైపు పెట్టి, పెద్దగా ఊపిరి వదిలి. నేనూ మెట్టు మీద కూచున్నాను. కాసేపటికి దానికి నీళ్ళు తేవడానికి ఇంట్లోకి వెళ్ళాను. బయటిగాలిలోంచి లోపలికి వెళ్ళానేమో, గడప దాటగానే ఆ మందు నీళ్ళ వాసన మొహానికి కొట్టింది. నాకు ఒక్కసారిగా ఆ పశువుల ఆసుపత్రి వరండా కనిపించింది. ట్రే కనిపించింది.

మనం దాన్ని ఇంటికి తీసుకురాలేదు. ఎక్కడ కోశారో మళ్ళీ అక్కడికే తీసుకొచ్చాం. దాని వాసనా లేదు, నా వాసనా లేదు, నీది అసలే లేదు. నీ మాట పొల్లుపోకుండా చేసినందుకు ఇలా అయింది. పూర్తిగా చెయ్యడం ఒక్కటే నాకు వచ్చు కదా.

ఇప్పుడు ఇద్దరం మెట్ల మలుపులోనే ఉంటున్నాం. టైలరుని అడిగి మంచి సంచులు రెండు తెచ్చుకుని వేశాను. పగలు ప్రెస్సు నుంచి ప్రూఫులు ఇక్కడికే తెప్పించుకుంటున్నాను. ప్రెస్సులో అయితే ఇద్దరేసి కూచుని ఒకరు పైకి చదివితే ఒకరు దిద్దుతాం కదా, ఇక్కడ రెండూ నేనే. మసికి చదివి వినిపిస్తున్నాను. ఏదో గొట్టాల కంపెనీ పుస్తకం. "కవాటమును కామా బిగించునపుడు కామా చేతులను దూరముగా ఉంచవలెను ఫుల్‌స్టాప్." అలా చదువుతుంటే ఇవాళ మధ్యాహ్నం గుడ్డు పెట్టిన గిన్నె వైపు మెడ చాపింది. నేను చదవడం ఆపలేదు. ఆపితే మానేస్తుందేమోనని భయం. సగం తింది.

మెట్లు ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అందరూ మమ్మల్ని దాటుకుని పోవాల్సిందే. పై అంతస్తు లెక్కల మాస్టారు గొడుగు ఎత్తిపట్టుకుని, "ఏమ్మా, ఇల్లు ఖాళీ చేయించారా?" అన్నారు. జరిగింది చెప్పాను. ఎంతసేపు చెప్పానో, ఆయన పై మెట్టు మీద కూచున్నారు. టైలరు భార్య అయితే నడుం మీద చెయ్యి పెట్టుకుని, "నువ్వు మాట్లాడతావా! ఇన్నాళ్ళూ మూగపిల్లవేమోనని నేను సైగలు చేస్తూ వచ్చానే," అంది.

గాయానికి దుమ్ము తగలకుండా నా బట్టలు పరుస్తున్నాను. కట్టుకుని విడిచినవి. కోప్పడకు.

బుల్లి

&nbsp;

మార్చి 20

బుల్లీ,

పదహారో తారీకు ఉత్తరం వచ్చింది. రెండుసార్లు చదివాను.

పడుకోవడం లేదంటే కడుపు నేలకి తగిలితే భరించలేకపోతోందన్న మాట. తినడం లేదంటే లోపల ఏదో తెగింది, లేదా ఆ గడ్డ చెడ్డదే, ఇంకో చోటికి కూడా పాకింది. డాక్టరు నీతో సగమే చెప్పింది. చెప్పులు వేసుకుంటూ చెప్పే మాటలు నాకు తెలుసు, మా సర్జన్లూ అలాగే చెబుతారు. నువ్వు కూడా నాకు సగమే రాస్తున్నావేమో. ఏడో తారీకున రాసిన ఉత్తరం అరచేయంత లేదు. అది అందిన రోజే నాకు అనుమానం వచ్చింది.

నిలబడి వణికేదాన్ని నిలబెట్టి ఉంచకు. నీకు దిగులుగా ఉంటుందని దాన్ని ఉంచుకోవడం ప్రేమ కాదు.

ఇందులో ఇంకో కవరు పెట్టాను. డాక్టరుకి. సూది ఇచ్చి నిద్రపుచ్చమని రాశాను. కింద సంతకం నేనే పెట్టాను, కాబట్టి ఆ భారం నీ మీద ఉండదు. అది నా కుక్క. నేను తెచ్చుకున్నాను, నేను పెంచుకున్నాను. ఆ పని కూడా నేనే చెయ్యాల్సింది. దూరంలో ఉండి నీ చేతికి ఇస్తున్నాను.

నువ్వు గదిలో ఉండకు. బయట కూచో. ఎక్కువసేపు పట్టదు.

పిన్ని

&nbsp;

మార్చి 25

పిన్నీ,

కవరు అందింది. డాక్టరుగారికి ఇవ్వలేదు. ఇవ్వను.

నువ్వు ఆ కవరు పంపేనాటికి నేను పంతొమ్మిదిన రాసింది నీకు చేరి ఉండదు. చేరితే నీకే తెలుస్తుంది. ఒకవేళ చేరకపోతే మళ్ళీ చెబుతున్నాను: మసి తింటోంది, పడుకుంటోంది. అది నిలబడింది నొప్పితో కాదు. కాని ఈ మాట నాకు తెలియక ముందే నీ కవరు వచ్చి ఉంటే ఇచ్చేసేదాన్ని. నువ్వు చెప్పావు కాబట్టి. గోడలు తుడిచినట్టే, ఒక్క మాట అడగకుండా ఇచ్చేసేదాన్ని. అది తలచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

నీకు సగమే రాయడం లేదు. ఏడో తారీకున నాకు అన్ని మాటలే వచ్చాయి.

గదిలో ఉండకు అన్నావు. ఆపరేషన్ రోజు కూడా ఉండలేదు. స్పృహ వచ్చేటప్పుడు ఉండొచ్చు అన్నారు డాక్టరుగారు. నాకే ధైర్యం చాలక బయట బెంచీ మీద ఉండిపోయాను. ఇంకోసారి దేనికైనా బయట కూచోను.

యజమాని అన్నచోట అప్పుడు వేరే దారి లేక నా పేరు రాశాను. ఇప్పుడు రాయమన్నా అదే రాస్తాను.

నీతో ఇలా ఎప్పుడూ మాట్లాడలేదు. ఉత్తరం కాబట్టి సరిపోయింది, ఎదురుగా ఉంటే నేల చూస్తూ నిలబడేదాన్ని.

బుల్లి

&nbsp;

మార్చి 30

బుల్లీ,

దారి మూసి ఉన్నందువల్ల నీ ఉత్తరాలు రెండూ ఒకే వ్యానులో వచ్చాయి. ఇరవై అయిదో తారీకుది ముందు విప్పాను. "ఇవ్వను" అన్న మాట చూసి చాలా కోపం వచ్చి, మిగతాది చదవకుండానే పక్కన పెట్టేశాను. తర్వాత రెండోది విప్పాను. మసి తిందన్న మాట దగ్గర కూచుండిపోయాను. అప్పటికే పది రోజులుగా నా లెక్కలో మసి లేదు. ఇక్కడ ఎవరితోనూ చెప్పుకోలేదు. గది తలుపు వేసుకుని ఏడవడం కూడా అయిపోయింది.

నేను మనుషుల్ని మొహం మీద గుడ్డ కప్పాకే చూస్తాను. కోసిన చోటు తప్ప నాకు కనబడదు. రక్తం అద్దిన గుడ్డ ముక్కల లెక్క సరిపోతే, ఆ మనిషితో నా పని అయిపోయినట్టే. ఎవరు లేచారో, ఎవరు నడిచి ఇంటికి వెళ్ళారో ఎన్నడూ పై వార్డుకి వెళ్ళి చూడలేదు. చూడాలని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు.

నీ ఉత్తరాలు చదివిన రోజే డ్యూటీ దిగాక పైకి వెళ్ళాను. కొండ విరిగినప్పుడు కాలు నలిగిన గని మేస్త్రీ ఒకడున్నాడు. అతని కాలు మోకాలి కిందకి తీసేసినప్పుడు పరికరాలు అందించింది నేనే. మంచం మీద నిటారుగా కూచుని ఉన్నాడు, రెండు చేతులూ పట్టెకి ఆనించి. నొప్పికి పడుకోలేకపోతున్నాడనుకున్నాను. మందు వేయించమంటారా అని అడిగాను.

"నొప్పి కాదమ్మా. పడుకుంటే కిటికీ కనబడదు. మా తమ్ముడు వస్తానన్నాడు," అన్నాడు.

ఆ తర్వాత, "నువ్వెవరు? తుడవడానికి వచ్చావా?" అన్నాడు. ఏం చెప్పను? చూడ్డానికి వచ్చానన్నాను. అయితే కూచో అన్నాడు. మంచం మీద కూచుంటే వార్డు నర్సు వచ్చి, బయటి చెప్పులతో వచ్చి రోగి పక్క మీద కూచుంటారా, చదువుకున్నవాళ్ళు కాదూ అని నన్ను అందరి ముందూ దులిపేసింది. కిక్కురుమనకుండా లేచాను. అతను నవ్వాడు. తమ్ముడు వచ్చేదాకా కిటికీ దగ్గర నేను నిలబడ్డాను. వచ్చాడు.

నేను ఆ కాగితం మీద సంతకం పెట్టి పోస్టు చేశాను బుల్లీ. నువ్వు చెప్పిన మాట వినే పిల్లవని నాకు తెలిసే చేశాను.

దాన్ని చింపెయ్యి. యజమాని అన్నచోట నీ పేరే ఉండనీ.

లైను బాగుచేశారు. కావాలనే ఫోన్ చెయ్యడం లేదు. ఫోన్‌లో నేను థియేటర్లో మాట్లాడినట్టే మాట్లాడతాను.

పిన్ని

&nbsp;

ఏప్రిల్ 8

పిన్నీ,

ల్యాబ్ నుంచి కబురు వచ్చింది. ముందు అసలు సంగతి: గడ్డ చెడ్డదే.

నీ అనుమానం సగం నిజమైంది. అంచుల దాకా శుభ్రంగానే తీశారట, ఇంకో చోటికి పాకిన గుర్తు ఇప్పటికి లేదట. కాని ఆ రకం గడ్డలు మళ్ళీ వస్తాయి. కొన్నాళ్ళకి రావచ్చు, ఏడాది దాటి ఉండొచ్చు. అంతకంటే ఎవరూ చెప్పలేరు. ఇదంతా నేనే అడిగాను. ఇంతకుముందు అడగలేకపోయినవన్నీ వరసగా అడిగాను. మసి బల్ల మీద ఉంది, దాని వీపు మీద నా చెయ్యి ఉంది, అందుకేనేమో అడగగలిగాను. డాక్టరుగారు చెప్పులు వేసుకోకుండా, కూచుని, జవాబు చెప్పారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తనకీ ఇది మొదటి ఏడాదేనట.

ఒకటి నిర్ణయించుకున్నాను. మళ్ళీ వస్తే మళ్ళీ కోయించను. అప్పుడు నువ్వు రాసిన పనే చెయ్యాల్సి రావచ్చు, అప్పుడు చేస్తాను, గదిలో ఉంటాను. ఇది నిన్ను అడగడం లేదు పిన్నీ, చెబుతున్నాను. కోపం వస్తే రాయి. రాయకుండా ఉండకు.

నీకు మే నెలలో సెలవు ఉందన్నావు. మసి కోసం రా. చివరిచూపు అనుకుని మాత్రం రాకు. అలా వచ్చే మనిషిని అది పసిగడుతుంది, మంచం కింద దూరుతుంది.

కుట్లు విప్పారు. గరాటా తీసేశారు. కడుపు మీద వెంట్రుకలు ముళ్ళలా మొలుస్తున్నాయి. నాలుగు రోజుల నుంచి ఇంట్లోకి వచ్చి పడుకుంటోంది. అయినా సాయంత్రం కాసేపు మెట్ల మలుపులో కూచుంటాం, అలవాటైంది. పైకి వెళ్ళేవాళ్ళు ఆగుతారు. ల్యాబ్ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, కాని నా మొహం చూసి మాస్టారుకి అర్థమైనట్టుంది. నిన్న గొడుగు గోడకి ఆనించి, మసి ముందు వంగి, నా వైపు చూడకుండా అడిగారు.

"ఎలా ఉందమ్మా?"

బాగుందని చెప్పబోయాను. అది నిజం కాదు. బాగోలేదనడమూ నిజం కాదు. అది ఆయన చేతిని వాసన చూస్తోంది.

"ఉందండీ," అన్నాను.

బుల్లి